సవరణ: లక్క రికార్డుకు స్పిరిట్ వాడకండి

బరంపురం సెకండ్‌హ్యాండ్ గ్రామఫోన్ రికార్డుల సంతలో కొన్న ప్లేట్ల గురించి పోయిన వారం రాస్తూ, మురికి పోవాలంటే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవమన్నాను. అది తప్పు. వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసే ఎల్పీకీ (లాంగ్ ప్లే రికార్డు), నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత 78 స్పీడు రికార్డుకీ కలిపి ఒకే సలహా ఇచ్చేశాను.

78 రికార్డులు చాలావరకు వినైల్ కావు. షెల్లాక్, అంటే మన లక్కలో రాతిపొడి కలిపి చేసినవి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. నిన్న పర్లాకిమిడి నుంచి ఒక అన్నయ్య ఫోన్ చేశారు. వాళ్ల తాతగారి రికార్డు తుడుస్తుంటే దూది నల్లబడిందట. మురికి వదులుతోందనుకుని ఇంకా రుద్దారట. ఫొటో చూశాను. అంచు దగ్గర అంగుళం మేర మెరుపు పోయి మసకబారింది. ఆ పాట ఇక తిరిగి రాదు. ఆయన్ని క్షమించమని అడిగాను, మిమ్మల్నీ అడుగుతున్నాను.

10 అంగుళాల ప్లేటు బరువుగా ఉండి, ఒక్కో వైపు మూడు నిమిషాల పాట ఒక్కటే ఉంటే లక్కదే అనుకోండి. వంచి చూడకండి, పుటుక్కున విరుగుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో గాడి వెంబడే తుడిచి, వెంటనే ఆరబెట్టండి. కాగితం లేబుల్ తడవనివ్వకండి.

గాడిలో నడిచే ఎల్పీ ముల్లుతోనే 78 వేయొచ్చని నేనన్న మాట కూడా సరికాదు. 78 గాడి ఎల్పీ గాడికి దాదాపు మూడింతలు వెడల్పు. సన్నటి ముల్లు అడుగునున్న దుమ్ములో పాకి గరగరమంటుంది. దానికి 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ముల్లు విడిగా కొనుక్కోవాలి.