గాజుసామాన్లు కడిగించి పంపేస్తారా?

ఎండాకాలం వస్తే చాలు, మా నెల్లూరు డిగ్రీ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజీ తిరుగుతుంది. "బయాలజీ ల్యాబుల్లో ఇంటర్న్‌షిప్ దండగ. రెండు నెలలూ గాజుసామాన్లు కడిగిస్తారు. పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకి కాపీలు తీసే పద్ధతి) అంటే బటన్ నొక్కడమే. సిఫారసు లేనిదే మన పక్క పిల్లల్ని తీసుకోరు. చివరికి మిగిలేది కాగితం ముక్క." నాది మైపాడు దగ్గర ఊరు. నిరుడు రెండు నెలలు ఒక మాలిక్యులర్ బయాలజీ ల్యాబులో పని నేర్చుకున్నాను. ఈ మెసేజీ చదివి మా వీధిలో చెల్లెలొకామె దరఖాస్తు మానుకుందని తెలిసి రాస్తున్నా.

కడిగించే మాట నిజమే. మొదటి వారం నేనూ కడిగాను. చుక్కలు కొలిచి పోసే పైపెట్‌కి తొడిగే టిప్పులు డబ్బాల్లో సర్ది, ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో పెట్టాను. అది చాకిరీ అనే అనుకున్నాను, మూడో వారం దాకా. ఆ వారం నా జెల్‌లో (డీఎన్ఏ ముక్కల్ని గీతలుగా, అంటే బ్యాండులుగా చూపే పలక) ఏమీ కనపడకూడని నెగటివ్ కంట్రోల్ వరసలో బ్యాండు కనపడింది. ఆ ట్యూబులో డీఎన్ఏ వెయ్యలేదు, దాని బదులు నీళ్లే పోశాను. మరి బ్యాండు ఎక్కడిది? పని నేర్పే పీహెచ్‌డీ అక్క కోప్పడలేదు. "నీళ్లు, టిప్పులు, ప్రైమర్లు ఒక్కోటీ మార్చి చూడు" అంది. ప్రైమర్లంటే కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు. నాలుగు రోజులు పట్టింది. డీఎన్ఏ అంటిన టిప్పునే నీళ్ల ట్యూబులో ముంచింది నేనే. పీసీఆర్‌లో ప్రతి సైకిల్‌కీ డీఎన్ఏ రెట్టింపవుతుంది. లెక్క ప్రకారం ఒక్క ముక్క 30 సైకిళ్లకి 107 కోట్లు దాటుతుంది. కంటికి కనపడనంత అంటుకున్నా చాలు. శుభ్రం ఎందుకో నాకు ఏ పాఠమూ ఇంతలా చెప్పలేదు.

బటన్ మాటకీ జవాబు అక్కడే ఉంది. ప్రతి సైకిల్‌లో మిషన్ 95 డిగ్రీలకి వేడెక్కి డీఎన్ఏ పోగుల్ని విడదీస్తుంది, చల్లబడి ప్రైమర్లని అతకనిస్తుంది, 72 దగ్గర ట్యాక్ ఎంజైము కొత్త పోగు అల్లుతుంది. లోపల పోసింది సరైనదో కాదో మాత్రం దానికి తెలీదు.

మన రొయ్యల గుంటలకీ ఇదే ముఖ్యం. తెల్లమచ్చ వైరస్ సోకితే 3 నుంచి 10 రోజుల్లో గుంట మొత్తం పోవచ్చు. అందుకే సీడు (రొయ్య పిల్లల్ని) దించేముందు నాన్న పీసీఆర్ రిపోర్టు అడుగుతాడు. నాలా ఎవరో టిప్పు మార్చకపోతే మంచి సీడు పారబోస్తారు. వైరస్ డీఎన్ఏ కావాలనే వేసిన ట్యూబు, అంటే పాజిటివ్ కంట్రోల్, పనిచేయకపోతే "వైరస్ లేదు" అన్న మాటకి విలువే లేదు. ఇప్పుడు నాన్న రిపోర్టుతో పాటు కంట్రోళ్ల ఫలితం కూడా చూపించమంటున్నాడు.

సిఫారసు అడుగుతారు, అవును. అయితే అది నాయకుడి ఉత్తరం కాదు, మనకి పాఠం చెప్పిన సారు రాసిచ్చే ఉత్తరం. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి నడిపే వేసవి ఫెలోషిప్‌కి ఆ ఉత్తరమూ, మనం ఏం చేయాలనుకుంటున్నామో రాసుకున్న కాగితమూ పెట్టాలి. ఎంపికైతే స్టైపెండ్ వాళ్లే ఇస్తారు.

కాగితం ముక్క సంగతి కొన్నిచోట్ల నిజం. డబ్బు కట్టించుకుని, దూరం నుంచి చూపించి, సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్లున్నారు. చేరేముందు ఒకటే అడగండి: "పైపెట్ నా చేతికిస్తారా?" తటపటాయిస్తే వచ్చేయండి.

ఆ చెల్లెలి దరఖాస్తు మళ్లీ మొదలుపెట్టాం. ఇంగ్లీషు అడ్డమనుకునేవాళ్లు ముందు తెలుగులోనే రాసుకు రండి. ఆదివారాలు నేను ఊళ్లోనే ఉంటా, కూర్చుని మార్చుకుందాం.