ఇది కామిక్‌కి నకలు కాదండీ

కామిక్స్‌లో ఉన్నదాన్నే టీవీ కార్టూన్లు మళ్లీ చూపిస్తాయని మీ వ్యాసంలో రాశారు. 1992లో మొదలైన బ్యాట్‌మ్యాన్ యానిమేటెడ్ సిరీస్ విషయంలో ఈ మాట అస్సలు ఒప్పుకోలేను. విలన్ జోకర్ అనుచరురాలు హార్లీ క్విన్ పుట్టిందే ఆ సిరీస్‌లో, కామిక్స్‌లోకి తర్వాతే వెళ్లింది. ఇక మిస్టర్ ఫ్రీజ్! అప్పటిదాకా మంచు తుపాకీ పట్టుకు తిరిగే మామూలు విలన్. పాల్ డీనీ రాసిన ఒక్క ఎపిసోడ్‌తో జబ్బుపడ్డ భార్య నోరా కోసం తపించే మనిషయ్యాడు. చివర్లో చీకటి గదిలో ఒంటరిగా కూర్చుని, గాజుగోళంలోని చిన్న డాన్సర్ బొమ్మను చూస్తూ తనను క్షమించమని నోరాను అడుగుతాడు. ఎన్నిసార్లు చూసినా నాకు గొంతు పూడుకుపోతుంది. ఆ కథనే తర్వాత కామిక్స్ కూడా తీసుకున్నాయి. నల్ల కాగితం మీద రంగులద్ది గీసిన ఆ గోతమ్ (బ్యాట్‌మ్యాన్ ఉండే నగరం) రాత్రులు, బ్యాట్‌మ్యాన్‌కి కెవిన్ కాన్‌రాయ్ ఇచ్చిన గొంతు... వాటి గురించి కూడా ఒక వ్యాసం రాయండి, ప్లీజ్.