నాలుగు అంగుళాల ఐస్ మెసేజ్‌లో నిజమెంత?

చలికాలం వస్తే అమెరికాలోని మన తెలుగు గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. సారాంశం ఇదీ: గడ్డకట్టిన సరస్సు మీద 4 అంగుళాల ఐస్ ఉంటే దానిమీదకెళ్లి, కన్నం వేసి నిశ్చింతగా గాలం వెయ్యొచ్చు. లైఫ్ జాకెట్ పడవెక్కేవాళ్లకే. నీళ్లలో పడ్డామా, రెండు నిమిషాల్లో ఖతం, ఇక రక్షణ సామాను కొనడం దండగ. చలికి ఒక పెగ్గు, టెంటులో ఒక హీటరు చాలు.

నవ్వి వదిలేద్దామంటే కుదరదు. 2022 డిసెంబరు 26న అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ సరస్సు మీద ఐస్ విరిగి చనిపోయిన ముగ్గురూ మనవాళ్లే.

4 అంగుళాలన్నది గాలిమాట కాదు. నడిచే మనిషికి మిన్నెసోటా సహజ వనరుల శాఖ చెప్పే కనీస మందం అది. అయితే ఆ లెక్క కొత్తగా గట్టిపడ్డ, అడుగు నీళ్లు నల్లగా కనిపించే తేట ఐస్‌కి. తెల్లటి ఐస్‌కి బలం సగమే, మందం రెట్టింపు కావాలి. పైగా ఒకచోట కొలిచిన మందం సరస్సంతా ఉండదు. వాగు కలిసేచోట, ఊటల దగ్గర, వంతెనల కింద పలచబడుతుంది. పైన మంచు దుప్పటిలా పరుచుకుంటే కింద ఐస్ పేరుకోవడమూ నెమ్మదిస్తుంది. అందుకే అనుభవమున్నవాళ్లు గునపంతో ముందు పొడిచి చూసుకుంటూ అడుగేస్తారు. పోటుకి నీళ్లు చిమ్మితే వచ్చిన దారినే వెనక్కి. కాస్త దూరానికోసారి ఆగర్‌తో, అంటే ఐస్‌ని తొలిచే పెద్ద బర్మాతో, కన్నం వేసి మందం కొలవడానికి టేపు దింపుతారు.

మందం సరిపోయినా గాలి ఊరుకోదు. 2023 డిసెంబరు చివర్లో మిన్నెసోటాలోని అప్పర్ రెడ్ లేక్‌లో ఐస్ పలక గట్టు నుంచి విడిపోయి, దాని మీదున్న వందమందికి పైగా జనాన్ని కాపాడాల్సి వచ్చింది.

అన్నిటికంటే చెడ్డది ఆ రెండు నిమిషాల మాట. అది నమ్మినవాడు బతికే అవకాశమున్నా చేతులెత్తేస్తాడు. చన్నీళ్లలో శరీరానికి ఏమవుతుందో పరిశోధించిన మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ 1-10-1 అని చెబుతారు. మొదటి 1 నిమిషం ఊపిరి ఎగబడుతుంది, దాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి. తర్వాత సుమారు 10 నిమిషాలు కాళ్లూ చేతులూ మాట వింటాయి. చలికి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట. చేతులు మొద్దుబారాక తలని నీళ్లపైన నిలబెట్టేది లైఫ్ జాకెట్ కాక మరేమిటి?

ఆ పది నిమిషాల కోసమే ఐస్ పిక్‌లు. రెండు పిడులు, వాటి కొసల్లో మేకులు, మధ్యన తాడు. మెడలో వేలాడాలి, బ్యాగులో ఉంటే లేనట్టే. వచ్చినవైపుకే తిరగండి, అంతవరకూ మిమ్మల్ని మోసింది ఆ ఐసే. మేకులు గుచ్చి, కాళ్లు ఈదినట్టు ఆడిస్తూ బోర్లా పైకి పాకండి. బయటపడ్డాక లేచి నిలబడొద్దు, దొర్లుకుంటూ రండి.

పెగ్గు సంగతి: చర్మానికి రక్తం ఎక్కువ చేరి వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం బయటికి పోతుంది. అంతే.

హీటరు పెట్టుకోండి, కానీ టెంటుకి గాలి ఆడే సందు ఉంచండి. హీటరు మండేటప్పుడు వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, దాన్ని పసిగట్టే బ్యాటరీ అలారం ఒకటి తప్పనిసరి. ఆగర్‌కి వందల డాలర్లు పోసేవాళ్లు ఆ అలారం దగ్గరకొచ్చేసరికి ఎందుకు వెనకాడతారో నాకు అంతుబట్టదు.