పైకేదో కిందకేదో తేల్చని గ్రీన్ ఛానెల్ గారికి

మహారాజశ్రీ నార్మల్ మ్యాప్ గ్రీన్ ఛానెల్ గారి సముఖానికి,

నమస్కారాలు. ఏ చోటు ఎటు వాలి ఉందో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల్లో రాసిపెట్టి, చదును మీద ఎగుడుదిగుళ్ళు చూపించే చిత్రమే నార్మల్ మ్యాప్ కదా, అందులో ఆకుపచ్చ అంకెలు తమరు. తమరు క్షేమమేనా అని అడగక్కర్లేదు. 0 నుంచి 255 దాకా ఎక్కడ బుద్ధిపుడితే అక్కడ కాలు మీద కాలేసుకుని కూర్చునే తమకేం లోటు? ఇబ్బందల్లా నాకే. మధ్యాహ్నమంతా కూర్చుని గేములోని ఒక కోట తలుపుకి టెక్స్చర్ (పైన పరిచే బొమ్మ) చేశాను. పాత చెక్క, దాని మీద వరసగా ఇనుప గుబ్బలు. 3డి బొమ్మలు చేసే బ్లెండర్‌లో చూస్తే ఒక్కో గుబ్బా చేత్తో తడిమి చూడాలనిపించేలా ఉబికి ఉంది. గేములో పెట్టి చూస్తే గుబ్బలన్నీ గుంటలు! తలుపుకి మశూచి వచ్చి తగ్గినట్టుంది.

మోడింగ్‌కి, అంటే ఉన్న గేములో మన మార్పులు చేసే పనికి, కొత్తగా వచ్చినవాళ్ళని ఏడిపించేది తమరొక్కరే అని అనను. ఫైలు పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే గోడంతా గులాబీ రంగు పులుముకుని నిలబడే గేములున్నాయి. బొమ్మ వెడల్పు 1000 పిక్సెళ్ళు అంటే మొహం తిప్పుకుని 1024 అంటేనే పలకరించే ఇంజన్లున్నాయి. దగ్గర్నుంచి కళకళలాడుతూ, నాలుగడుగులు వెనక్కి వేయగానే బురదగా మారే మిప్‌మ్యాపులున్నాయి (దూరం నుంచి చూపించేందుకు చేసిపెట్టే చిన్న నకళ్ళు). "ఇక్కడ సింపుల్‌గా బేక్ చేసేయండి" అని, సరిగ్గా ఆ ముక్క దగ్గరే వీడియో కట్ చేసే ట్యుటోరియల్ గురువులైతే కొల్లలు. వాళ్ళందరికీ ఓ దండం. అయినా వాళ్ళలో చాలామంది నయం, తప్పు జరిగితే మొహం మీదే చెప్తారు. గులాబీ గోడని చూసి "బానే ఉందేమో" అని ఎవరూ భ్రమపడరు. తమరి పద్ధతి వేరు. తమరు సగం నిజం చెప్తారు.

తమ పక్కింటి రెడ్ గారిని చూడండి. ఎడమ కుడుల లెక్క ఆయనది. గ్రాఫిక్స్ గీయడంలో ఓపెన్‌జీఎల్, డైరెక్ట్‌ఎక్స్ అని రెండు పద్ధతులు; ఏదన్నా ఆయన మాట ఒకటే. తమరికి అప్పగించింది పైకీ కిందకీ సంగతి. ఓపెన్‌జీఎల్ పద్ధతిలో తమ విలువ పెరిగితే ఆ చోటు పైకి వాలి ఉందని అర్థం. డైరెక్ట్‌ఎక్స్ పద్ధతిలో అదే విలువకి కిందకి వాలి ఉందని అర్థం. బ్లెండర్, యూనిటీ అనే గేమ్ ఇంజన్ మొదటి పక్షం. అన్‌రియల్ ఇంజన్ రెండో పక్షం. తమరు మాత్రం రెండు పక్షాల్లోనూ సభ్యులే!

పోనీ పూర్తిగా తప్పు చూపించినా ఇంత గొడవ ఉండేది కాదు. గేములో పొద్దున్నే వెలుతురు పక్కనుంచి పడుతుంటే గుబ్బలు గుబ్బల్లాగే కనిపించాయి. అది రెడ్ గారి డ్యూటీ, ఆయన సరిగ్గానే చేశారు. ఎండ నెత్తి మీదకొచ్చేసరికి తమ వంతు వచ్చింది, గుబ్బ కాస్తా గుంటయింది. వెలుతురు పైనుంచే వస్తుందని మన మెదడుకి ఒక మొండి నమ్మకం. పై అంచు చీకటిగా ఉండి కింది అంచు మెరిస్తే అది గుంటేనని తీర్పు చెప్పేస్తుంది. ఇదంతా తెలియక, పొద్దున బాగున్నది మధ్యాహ్నం ఎందుకు చెడుతోందా అని లైటింగుని తిట్టాను. మెష్ నార్మల్స్ (తలుపు ముఖాలు ఎటు చూస్తున్నాయో చెప్పే దిశలు) తిరగబడ్డాయేమోనని రీకాలిక్యులేట్ చేశాను. యూవీ (బొమ్మని తలుపు మీద పరిచే పటం) మిర్రర్ అయిందేమోనని మళ్ళీ అన్‌రాప్ చేశాను. ఇమేజ్‌ని రంగుగా కాక అంకెలుగా చదవమనే నాన్-కలర్ పెట్టానో లేదోనని చూశాను. పెట్టాను. పాపం, నేరం చేయనివాళ్ళందరినీ స్టేషన్‌కి పిలిపించినట్టయింది. తమరేమో ఏమీ ఎరగనట్టు అక్కడే కూర్చున్నారు.

ఇంక గారూ లేదు బూరూ లేదు. ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయింది? టెక్స్చర్ దాచే డీడీఎస్ ఫైలు హెడర్ (మొదట్లో ఉండే వివరాల పట్టీ) తెరిస్తే వెడల్పు ఉంది, ఎత్తు ఉంది, కంప్రెషన్ ఏమిటో ఉంది, మిప్‌మ్యాపులు ఎన్నో ఉంది. నీకు పైకేదో మాత్రం ఎక్కడా లేదు. రంగు చూసి పోల్చుకుందామంటే చదునుగా ఉన్న ప్రతిచోటా 128, 128, 255 అనే ఆ లేత ఊదా రంగే. నిన్ను తలకిందులు చేస్తే 128 కాస్తా 127 అవుతుంది. ఆ ఒక్క అంకె తేడా ఏ కంటికి ఆనుతుంది? కొందరు పుణ్యాత్ములు ఫైలు పేరు చివర జీఎల్ అనో డీఎక్స్ అనో రాసి పెడతారు. మిగతావాళ్ళు "నార్మల్ ఫైనల్ 2" అని రాసి చేతులు దులుపుకుంటారు.

ఉపరితలాన్ని అంగుళం కూడా కదపకుండా, నార్మల్స్‌ని మార్చి వెలుగునీడలతోనే ఎగుడుదిగుళ్ళు చూపించవచ్చని గ్రాఫిక్స్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లిన్ 1978లోనే రాశాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా గ్రాఫిక్స్ ఎంత ఎదిగిందో లోకానికి తెలుసు. పైకి ఏది అన్న ఒక్క మాట మీద మాత్రం అందరూ ఒకచోట కూర్చోలేకపోయారు.

పైగా నీకు జరిగే మర్యాదలు! టెక్స్చర్‌ని కుదించే బీసీ1 కంప్రెషన్‌లో రెడ్‌కి 5 బిట్లు, బ్లూకి 5 బిట్లు, నీకు 6. మనిషి కన్ను పచ్చదనంలో తేడాని బాగా పట్టుకుంటుందట, అందుకని. నార్మల్ మ్యాప్‌ని పచ్చదనం కోసం చూసేవాడెవడు? బీసీ5 అనే ఇంకో కంప్రెషన్ సంగతి ఇంకా అన్యాయం. మీ ఇద్దరి విలువలూ తెలిస్తే మూడోది లెక్క కట్టుకోవచ్చని బ్లూని ఇంట్లోంచే పంపించేశారు. నోరు మెదపకుండా పనిచేసిన బ్లూ పోయింది, నువ్వున్నావు.

చివరికి నువ్వు దొరికిపోయింది ఒంటరిగా తీసినప్పుడే. నీ ఒక్కదాన్నే నలుపు తెలుపుల్లో చూస్తే, గుబ్బల మీద వెలుతురు పైనుంచి పడుతున్నట్టుంటే ఓపెన్‌జీఎల్, కిందనుంచి పడుతున్నట్టుంటే డైరెక్ట్‌ఎక్స్. నావి పైనుంచి మెరుస్తున్నాయి, గేమేమో రెండో పక్షం. నిన్నొక్కదాన్ని ఇన్వర్ట్ చేసి సేవ్ చేశాను. అంతే! మధ్యాహ్నమంతా తిన్న పనికి మందు ఒక్క క్లిక్.

ఒకటి ఒప్పుకోక తప్పదు. ఆ తర్వాత తలుపు చూస్తుంటే ఒళ్ళు పులకరించింది. నిజానికి అక్కడున్నది ఒక పలక, దానికి ఆరు ముఖాలు. ఇనుము లేదు, గుబ్బ లేదు, చెక్క పగులు లేదు. దివిటీ పట్టుకుని అటూ ఇటూ నడిస్తే ప్రతి గుబ్బ చుట్టూ మెరుపు తిరిగింది. కోటలోకి వెళ్ళడం మానేసి గుమ్మం దగ్గరే పచార్లు చేశాను. నీమీద కోపం పోయిందని కాదు. నువ్వు పనిమంతురాలివే. చిరునామా చెప్పని పనిమంతురాలివి.

ఇట్లు,
తలుపు దాటని ఒక కొత్త మోడర్

తా.క.: నార్మల్ మ్యాప్ ఆల్ఫాలో (నాలుగో ఛానెల్‌లో) మెరుపు సంగతి దాచే గేములు కూడా ఉన్నాయి. మీ ఆల్ఫాని అడిగి చెప్పు, తెలుపంటే నునుపా, గరుకా? "గేముని బట్టి" అని మాత్రం అనొద్దు.