ముక్కు లేని మార్కుల షీటు గారికి

గౌరవనీయులైన ఆర్కిడ్ స్కోర్ షీటు గారికి, శ్రీకాకుళం నుంచి ఒక హాబీ పెంపకందారుడు, ఊళ్లో ఇంకెవరూ దొరక్క పూల షోకి జడ్జి కూడా అయిపోయినవాడు, రాయునది ఏమనగా.

ఇక్కడ అందరం క్షేమం, ఎండ తప్ప. తమరి దగ్గర వంద మార్కులున్నాయి. ఆకారానికి 30, రంగుకి 30, మిగిలిన నలభైలో సైజుకి పది, రేకు దళసరికీ మెరుపుకీ కలిపి పది, గెల నిలబడే తీరుకి పది, ఎన్ని పూలు పూసిందన్న దానికి పది. అమెరికన్ ఆర్కిడ్ సొసైటీ వాళ్ల జనరల్ స్కేలు ఇదే కదా, 75 వస్తే ఒక సర్టిఫికెట్టు, 80 వస్తే ఇంకోటి, 90 వస్తే ఫస్ట్ క్లాసు. కూడి చూశాను, సరిగ్గా వందే, లెక్కలో వంక లేదు. మరి వాసనేది సారూ? స్కేలు పెట్టి పువ్వు అడ్డం కొలత మిల్లీమీటరుతో సహా రాయించుకుంటారు గానీ ముక్కుకి అర మార్కు కూడా పెట్టలేదేటి?

మా వైపు పువ్వంటే ముందు ముక్కుకి, తర్వాతే కంటికి. ఇచ్ఛాపురం దాటితే గంజాం జిల్లా, అక్కడ మొగలి పొత్తుల్ని బట్టీ పెట్టి అత్తరు తీస్తారు, ఆ పొత్తిని తమరి ముందు పెడితే ఆకారానికి మూడు మార్కులు కూడా రావు, కానీ ఒక్క రేకు జడలో పెట్టుకుని ఎవరైనా బస్సెక్కితే ముందు సీట్లో డ్రైవరుకి కూడా తెలిసిపోద్ది.

అంత దూరం ఎందుకు, ఆర్కిడ్ సంగతే చెప్తాను. మా మామిడి తోటల్లో కొమ్మలు పట్టుకుని వాండా టెస్సెలేటా పెరుగుతుంది. చాలామంది దాన్నీ బదనికే అనుకుని పీకి పారేస్తారు, పాపం అది చెట్టు రసం తాగేది కాదు, ఊరికే కొమ్మ మీద కూర్చుని వాన మీదా గాలి మీదా బతికేస్తుంది. సామర్లకోటలో పనిచేసిన మొక్కల శాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ దొర 1795లోనే దీన్ని తన కోరమండల్ తీరం మొక్కల పుస్తకంలో రాసిపెట్టాడు. పువ్వు రెండంగుళాలుంటే గొప్ప, పసుపు మీద గోధుమరంగు గళ్లు, రేకులు మెలి తిరిగి అంచులు అలలు అలలుగా, మధ్యలో ఊదారంగు పెదవి, దగ్గరికెళ్తే మగ్గిన ద్రాక్ష వాసన గుప్పుమంటుంది. మీ లెక్కలో దీని గతేంటి? రేకుల మధ్య సందులు, గుండ్రం లేదు, చదును లేదు, సైజు లేదు, ఇంటికి పో. పక్కనే తెల్ల ఫలనాప్సిస్ ఆర్కిడ్, అప్పడంలా గుండ్రంగా, రేకు మీద రేకు ఆనుకుని, వాసన సున్నా, మార్కులు మాత్రం దండిగా.

ఆ తెల్ల మహారాణి ఇక్కడ పూయాలంటే మా తిప్పలు మీకేం తెలుసు. కొబ్బరికి ఉద్దానం ఉంది కాబట్టి డొక్క ముక్కలకి లోటు లేదు, బొగ్గూ ఇటుక ముక్కలూ కలిపి కుండీ కట్టి, వైశాఖంలో గ్రీన్ నెట్ కింద దాచి, వేర్లు వెండిరంగుకి తిరిగాక నీళ్లు పోసి, అవి కళ్లముందే ఆకుపచ్చగా మారుతుంటే మురిసిపోయి, వానల్లో ఆకుల సందున నీళ్లు నిలిచి మొవ్వు కుళ్లకుండా రోజూ పొద్దున దూదితో తుడిచి (మా నాన్న కొబ్బరి చెట్టుకి కూడా ఇంత చెయ్యలేదు), మార్గశిరంలో రాత్రి చలి తగిలితే గాని కాడ వెయ్యదు. వేశాక చూసినవాళ్లందరూ అడిగేది ఒకటే, ప్లాస్టిక్కా?

పెళ్లి స్టేజీల మీద కట్టే ఊదారంగు డెండ్రోబియం ఆర్కిడ్లదీ ఇదే బతుకు. భోజనాలయ్యాక ఎవరో ఒక పెద్దమ్మ వచ్చి రేకుని గోరుతో గిచ్చి చూస్తుంది, గాటు పడితే నిజమైనదే అని ఒప్పుకుంటుంది. రేకు దళసరికి మీరు పెట్టిన మార్కులకి ఇంతకంటే మంచి పరీక్ష నేనెక్కడా చూడలేదు.

మీ జవాబు నాకు తెలుసు. వాసన ఒక్కో ముక్కుకి ఒక్కోలా ఉంటుంది, నాలుగు పూలు వాసన చూస్తే ఐదోదానికి ముక్కు పనిచెయ్యదు, పైగా బ్రసావోలా లాంటి ఆర్కిడ్లు రాత్రి తిరిగే పురుగుల కోసం చీకటి పడ్డాకే వాసనేస్తాయి, షో జడ్జింగేమో పగలు. నిజమే. మరి రంగు మాత్రం అందరి కళ్లకీ ఒకేలా కనిపిస్తుందా? ట్యూబ్‌లైటు కింద ఒక ఊదా, ఎండలో ఒక ఊదా, అయినా 30 మార్కులు పెట్టలేదూ? జపాన్ వాళ్లు టోక్యో షోలో సువాసనకి వేరే పోటీయే పెట్టారు, వాళ్ల ముక్కులేమైనా స్పెషలా?

మొన్న మా షోలో నేను పెన్ను పట్టుకుని గంభీరంగా ఫలనాప్సిస్ చదును చూస్తుంటే ఒక ముసలమ్మ వచ్చి ఒక్కో కుండీకీ ముక్కు ఆనించుకుంటూ పోతోంది. తెల్లదాని దగ్గర ఆగింది.

"ఇంత పువ్వుంది, వాసనే నేదేటి బాబూ?"

"దీనికి ఉండదమ్మా."

"మరి కాయ కాస్తాదా?"

"తినే కాయైతే కాయదమ్మా."

"మరెందుకు ఫస్టు ఇత్తన్నారు?"

తమరి షీటు చూపించాను. ఆవిడకి చదువు రాదట, రాకపోవడమే మంచిదైంది. మూలనున్న వాండా దగ్గరికెళ్లి మాత్రం కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడి, "ఇది మా తోటలోదే, దీనికెన్నొచ్చాయి?" అంది. నేను దగ్గు వచ్చినట్టు నటించి పక్క టేబులుకి జరిగాను.

కాబట్టి నా డిమాండు చిన్నది. ఆకారం దగ్గరున్న ముప్ఫైలోంచి ఐదు తీసి ముక్కుకి ఇవ్వండి. ఐదే. గుండ్రానికి ఇంకా పాతిక మిగులుతాయి, అదేం బీదదైపోదు.

ఇట్లు,
తమ విధేయుడు, జలుబు లేని జడ్జి

తా.క.: దీని మీద విచారణకి ఎవర్నైనా పంపేట్టయితే రాత్రి ఎనిమిది దాటాక పంపండి, డాబా మీద బ్రసావోలా విచ్చింది.