అటక మీది మాండొలిన్‌కు మోక్షం

మేముండే ఒహాయో రాష్ట్రపు చిన్న ఊరి పత్రికలో ఏడాదికోసారైనా ఒక నిండు పేజీ వార్త వస్తుంది. అది వార్తేనని నేను చాలాకాలం నమ్మాను. దానికి పెద్ద శీర్షిక ఉంటుంది, కింద ఫొటో ఉంటుంది, విలేకరి రాసినట్టే కాలమ్‌లుగా విడగొట్టి ఉంటుంది. పేజీ పై అంచున చీమ తలకాయంత అక్షరాలతో వేసిన ‘ప్రకటన’ అనే మాట కనబడాలంటే మాత్రం కళ్లజోడు మీద మరో కళ్లజోడు కావాలి. ఆ వార్త సారాంశం ఎప్పుడూ ఒకటే. పక్క జిల్లాలో ఎవరో ఒకాయన, తాతగారి మంచం కింద ఏళ్ల తరబడి పడి ఉన్న డొక్కు పెట్టెను పారేద్దామా వద్దా అని ఊగిసలాడి, చివరికి హోటల్లో జరుగుతున్న పాత వస్తువుల కొనుగోలు శిబిరానికి పట్టుకెళ్లాడట. మూత తీస్తే అందులో అపురూపమైన మాండొలిన్ ఉందట! నిపుణులు నిర్ఘాంతపోయారట. ఆయన చెక్కు పుచ్చుకుని చిరునవ్వుతో ఇంటికి వెళ్లాడట. ఆ నిపుణులే వచ్చే మంగళవారం నుంచి శనివారం దాకా మన ఊరి హైవే పక్క హోటల్లో దిగుతున్నారు. ప్రవేశం ఉచితం, పార్కింగ్ ఉచితం, కాఫీ కూడా ఉచితమే.

ఈ సంచార శిబిరాల మీద కొందరు గిట్టనివాళ్లు లేనిపోని అనుమానాలు రేపుతున్నారు. వాటిని ఖండించి, ఈ పుణ్యకార్యానికి దక్కవలసిన గౌరవాన్ని దక్కించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాత సామాన్లు కొనేవాడు తెలుగువాళ్లకు కొత్త కాదు. మా పశ్చిమగోదావరిలో మధ్యాహ్నం కునుకు పట్టే వేళకు ‘పాత ఇనప సామాన్లు, పాత పేపర్లు కొంటాం’ అని కేకేసుకుంటూ తోపుడుబండి వచ్చేది. మా అమ్మ కాటా దగ్గర నిలబడి, “ఏమయ్యా, ఆ పళ్లెం కింద నుంచి వేలు తియ్యి” అనేది. అతను నవ్వి వేలు తీసేవాడు, అమ్మ మరో రూపాయి అడిగేది, అతను బండి తోసుకుంటూ నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చేవాడు. ఎంత అనాగరికమైన వ్యాపారమో చూడండి! కొనేవాడు మన గుమ్మంలోకి రావడం, తూకం మన కళ్లముందు జరగడం, ఇష్టం లేకపోతే మనం తలుపేసుకోవడం. అమెరికా ఈ లోపాలన్నిటినీ సరిదిద్దింది. ఇక్కడ మన సామాను మనమే మోసుకెళ్లాలి, టోకెన్ తీసుకోవాలి, రెండు గంటలు కుర్చీలో కూర్చోవాలి. అంతసేపు మోసి, అంతసేపు కూర్చున్న మనిషికి ఆ సామాను తిరిగి ఇంటికి మోసుకెళ్లే ఓపిక ఉండదు. బేరంలో సగం అక్కడే తేలిపోతుంది.

అయితే ప్రకటనలో బొమ్మ మాండొలిన్‌దే ఎందుకు కావాలి, వెండి చెంచాది ఎందుకు కాకూడదు అని ఎవరైనా అడగవచ్చు. చెంచా ధర తూకమేస్తే తేలిపోతుంది గనక, దానిమీద ఎవరికీ కలలు రావు. మాండొలిన్ అలా కాదు. అసలు అది అమెరికాలో పేరు తెచ్చుకున్నదే మారువేషంతో. 1880లో ‘స్పానిష్ విద్యార్థులు’ అనే సంగీత బృందం న్యూయార్క్ వచ్చి బందూరియా అనే తంత్రీవాద్యం వాయించి జనాన్ని ఊపేస్తే, అక్కడే ఉన్న కొందరు ఇటాలియన్లు మాండొలిన్లు పట్టుకుని, మేమే ఆ స్పానిష్ విద్యార్థులమని చెప్పుకుంటూ ఊరూరా కచేరీలు చేశారు. జనానికి తేడా తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఆ తర్వాత పాతిక, ముప్ఫై ఏళ్లపాటు దేశమంతా మాండొలిన్ పిచ్చి పట్టింది. కాలేజీకో మాండొలిన్ క్లబ్బు, ఊరికో మాండొలిన్ ఆర్కెస్ట్రా, తపాలా క్యాటలాగులో కొన్ని డాలర్లకే వాయిద్యం. మిషిగన్ రాష్ట్రం కలమజూలో 1902లో వెలసిన గిబ్సన్ కంపెనీ అయితే సంగీతం మాస్టర్లనే ఏజెంట్లుగా పెట్టుకుని, శిష్యులకు వాయిదాల మీద వాయిద్యాలు అంటగట్టింది. 1920లు వచ్చేసరికి జాజ్, దానితోపాటు గట్టిగా మోగే బాంజో వచ్చి కూర్చున్నాయి. మాండొలిన్లన్నీ గప్‌చుప్‌గా మంచాల కిందకూ అటకల మీదకూ చేరాయి. అంటే ఈ దేశంలో ఏ ముసలాయన అటక ఎక్కినా ఏదో ఒక మాండొలిన్ కనబడే అవకాశం ఉంది, అందులో నూటికి తొంభై పాళ్లు చిల్లర ఖరీదువే. ఆశ పుట్టించడానికి ఇంతకన్నా అనువైన వస్తువు మరొకటి లేదు.

ఆశకు ఆధారం లేదని కాదు. గిబ్సన్‌లో 1919 నుంచి 1924 చివరిదాకా పనిచేసిన లాయిడ్ లోర్ అనే ధ్వనిశాస్త్ర నిపుణుడు 1922లో ఎఫ్-5 అనే మాండొలిన్ తెచ్చాడు. గుండ్రటి రంధ్రానికి బదులు వయొలిన్‌కున్నట్టు రెండు ఎఫ్ ఆకారపు రంధ్రాలు. ఒక రంధ్రంలోంచి చూస్తే సీరియల్ నంబరున్న కంపెనీ చీటీ. రెండో రంధ్రంలోంచి చూస్తే, దీని పైచెక్కా అడుగుచెక్కా పరీక్షించి శ్రుతి చేసి ఆమోదించడమైనదని అచ్చువేసి, తేదీ రాసి, లోర్ స్వయంగా సంతకం చేసిన మరో చీటీ. అప్పట్లో దాని ధర 250 డాలర్లు, అంటే ఫోర్డ్ వారి మోడల్ టీ కారులో చౌకరకానికి ఇంచుమించు సమానం. కారు ఇంటిల్లిపాదినీ మోస్తుంది గనక జనం కారే కొన్నారు, ఎఫ్-5 చతికిలబడింది. 1940ల్లో బిల్ మన్రో అనే గాయకుడు, 1923 జూలై 9 నాటి సంతకమున్న అలాంటి మాండొలిన్‌ను ఫ్లోరిడాలో ఒక మంగలిషాపులో చూసి 150 డాలర్లకు కొన్నాడని చెబుతారు. దానితోనే బ్లూగ్రాస్ అనే అమెరికా పల్లె సంగీతానికి పెద్దదిక్కయ్యాడు. ఆ వాయిద్యం ఇప్పుడు నాష్‌విల్‌లోని కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉంది. సంతకమున్న ఎఫ్-5 ఈనాడు లక్ష డాలర్లు దాటి పలుకుతుంది. ఆ మంగలిషాపు యజమానికి నిండు పేజీ ప్రకటన వేసే తెలివి లేకపోవడం సంగీతానికి మంచిదైంది, ఆయనకు కాదు.

ఇక నా సంగతి. పాలకొల్లు పరిసరాల్లో పుట్టినవాడికి మాండొలిన్ అంటే ఇంటి పిల్లాడి పేరులా వినబడుతుంది. మా పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్, తొమ్మిదేళ్ల వయసులో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో కచేరీ చేసి, ఎనిమిది తంతుల వాయిద్యాన్ని అయిదు తంతుల ఎలక్ట్రిక్ మాండొలిన్‌గా మార్చుకుని, గమకాలు పలకవన్నవాళ్ల నోళ్లు మూయించాడు. ఆ అభిమానంతోనే కొన్నేళ్ల కిందట, పొరుగింటివాళ్లు సామాన్లు పెరట్లో పెట్టి అమ్మేసుకుంటుంటే, మా అబ్బాయి నేర్చుకుంటాడన్న దురాశతో ఒక పాత మాండొలిన్‌ను పదిహేను డాలర్లకు కొన్నాను. వెనక భాగం సగం గుమ్మడికాయలా గుండ్రంగా, చారలు చారలుగా ఉండే రకం. బంగాళాదుంప పంట మీద వాలే చారల పురుగును బట్టి ఈ దేశస్థులు దాన్ని ‘టేటర్ బగ్’ అని ముద్దుగా తిడతారు. మా అబ్బాయి దాన్ని ముట్టుకోలేదు. మా ఆవిడ మాత్రం ఏటా దసరాకు దాన్ని దింపి, దుమ్ము తుడిచి, రంధ్రానికి పక్కగా పసుపురాసి కుంకుమ బొట్టు పెట్టి, కారుతోపాటు దానికీ హారతిచ్చి మళ్లీ పైన పెట్టేది. ఆ బొట్టు చెక్కలోకి ఇంకిపోయి ఎర్రగా నిలిచిపోయింది.

ప్రకటన చూశాక నాకూ కలలు వచ్చాయి. బుధవారం ఉదయం టోకెన్ పుచ్చుకుని కూర్చున్నాను. బల్ల మీద నల్ల మఖమలు గుడ్డ, చిన్న కాటా, అయస్కాంతం, భూతద్దం, ఆసిడ్ సీసా. వెనక గోడకు ‘అపురూపమైన మాండొలిన్లు కావలెను’ అని బ్యానరు. వచ్చినవాళ్లలో మాండొలిన్‌తో ఉన్నది నేనూ, నా ముందున్న ఒక పెద్దావిడా. మిగతావాళ్లందరి చేతుల్లో ఉన్నది ఉంగరాలు, గొలుసులు, కాఫీ డబ్బాలో పోసుకొచ్చిన పాత నాణేలు. 1964 దాకా వేసిన పావలా, అర డాలరు నాణేల్లో తొంభై పాళ్లు వెండి ఉంటుంది. ఆ సంగతి డబ్బా తెచ్చినాయనకన్నా బల్ల వెనకాయనకు బాగా తెలుసు. మాండొలిన్ బొమ్మ చూపించి జనం అటకలు ఎక్కేలా చేయడం, ఎక్కినవాళ్లు దిగేటప్పుడు నగల పెట్టెతో దిగడం: ఈ వ్యాపారంలోని సూక్ష్మం ఇదీ. ఎర చేపకు తిండి కాదని జాలరిని తప్పుపడతామా?

తూకంలో వాళ్ల నిజాయతీని శంకించడానికి లేదు. గ్రాముల్లో కాకుండా పెన్నీవెయిట్లలో తూస్తారు, అంతే. ఇరవై పెన్నీవెయిట్లు ఒక ట్రాయ్ ఔన్సు, అంటే 31.1 గ్రాములు, ఒక పెన్నీవెయిట్ ఒకటిన్నర గ్రాము పైమాటే. కాటా మీద ‘పది’ అని కనబడితే పది గ్రాములనుకునే అమాయకుడి చేతుల్లోంచి అయిదున్నర గ్రాములు చడీచప్పుడు లేకుండా జారిపోతాయి. 11.66 గ్రాముల తులాన్ని పది గ్రాములకు దించుకుని, దానిమీద తరుగు, మజూరీ కలుపుకుని బతుకుతున్న జాతివాడిగా నేను ఈ కళకు లేచి నిలబడి నమస్కరిస్తున్నాను.

ముందున్న పెద్దావిడ పెట్టె తెరిచింది. గోధుమరంగు చెక్క, చదునైన వీపు, తల మీద ముత్యపు చిప్పతో పొదిగిన ‘గిబ్సన్’ అక్షరాలు. బల్ల వెనకాయన సెల్‌ఫోన్ టార్చి వేసి రంధ్రంలోకి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. అంతదాకా నోరు మూయకుండా వాతావరణం గురించీ ఫుట్‌బాల్ గురించీ మాట్లాడుతున్న మనిషి, కాసేపు ఊపిరి కూడా తీయలేదు. తర్వాత టార్చి ఆర్పి, పెదవి విరిచి, “ఇలాంటివి రోజూ వస్తుంటాయమ్మా” అన్నాడు. ఆవిడ, “లోపల ఏదో కాగితం ఉంది, మా నాన్న దాన్ని ఎప్పుడూ చెరపనివ్వలేదు” అంది. “కంపెనీ చీటీ, అన్నిటికీ ఉంటుంది” అన్నాడాయన. నూట ఇరవై డాలర్లకు చెక్కు రాశాడు. ఆ కాగితం మీద ఏముందో నేను చూడలేదు, చూసినవాడు చెప్పలేదు.

అప్పుడు నాకు ఈ శాస్త్రపు మూలసూత్రం బోధపడింది. లాయిడ్ లోర్ సంతకంతో మాండొలిన్ అపురూపమైనట్టే, ఇక్కడ చెక్కు మీద సంతకంతో అవుతుంది. సంతకం పడేదాకా అది రోజూ వచ్చే రకం. పడిన మరుక్షణం నుంచి నిపుణుల్ని నిర్ఘాంతపరిచే రకం. వస్తువు ఒక్కటే, బల్లకు ఏ పక్కనుందన్నదే తేడా. ధర చెప్పేవాడూ కొనేవాడూ ఒక్కడే కావడం అన్యాయమని వాదించేవాళ్లు, బీబీసీ 1979లో మొదలుపెట్టిన, అమెరికాలో 1997 నుంచి నడుస్తున్న ఆంటిక్స్ రోడ్‌షో అనే టీవీ కార్యక్రమాన్ని ఆదర్శంగా చూపిస్తారు. అక్కడి నిపుణులు ధర చెబుతారే గానీ కొనరు. ఎంత క్రూరత్వం! లక్ష డాలర్ల వస్తువని చెప్పేసి, ఆ భారాన్ని మళ్లీ ముసలివాళ్ల నెత్తినే పెట్టి పంపిస్తారు. వాళ్లకు ఆ రాత్రి నుంచి దొంగల భయం, బీమా ఖర్చు, అప్పటిదాకా ఫోను చేయని మేనల్లుళ్ల పలకరింపులు. మన శిబిరంవాళ్లు ధర చెప్పకుండా భారం దించుతారు. మనిషి తేలిగ్గా నిద్రపోతాడు.

ప్రభుత్వం కూడా ఈ సేవను గుర్తించినట్టే ఉంది. ఎవరైనా ఇలా తాత్కాలికంగా హోటల్ హాలులో దుకాణం పెట్టి మనకు సరుకు అంటగడితే, మూడు పనిదినాల్లో మనసు మార్చుకుని డబ్బు వెనక్కి తీసుకునే హక్కును కేంద్ర వాణిజ్య కమిషన్ నిబంధన ఇస్తుంది. అదే హాలులో మనమే సరుకు అమ్ముకుంటే ఆ నిబంధన వర్తించదు. వాక్యూమ్ క్లీనర్ కొన్నందుకు పశ్చాత్తాపపడటానికి మూడు రోజులు. నాన్న మాండొలిన్ అమ్ముకున్నందుకు పశ్చాత్తాపపడటానికి ఎంత కాలమైనా సొంత ఖర్చు మీద పడవచ్చు.

నా వంతు వచ్చింది. ఆయన నా గుమ్మడికాయను అటూ ఇటూ తిప్పి, కుంకుమ బొట్టును గోటితో గీకి చూసి, “మరక” అన్నాడు. మరకున్నందుకు అయిదు డాలర్లు తగ్గించి ఇరవై ఇచ్చాడు. పదిహేనుకు కొన్నదానికి అయిదు డాలర్లు లాభం, రెండు కప్పుల కాఫీ అదనం. ఈ వ్యవస్థ మీద నాకు వ్యక్తిగతంగా ఎలాంటి ఫిర్యాదూ లేదని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను.

మూడు వారాల తర్వాత పక్క జిల్లాలో ఉండే మా తోడల్లుడు వాళ్ల ఊరి పత్రిక పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. “అన్నయ్యగారూ, మీ అటక మీద కూడా ఇలాంటిదేదో ఉండాలి కదా, మా ఊరికి వస్తున్నారు, ఓసారి చూపించకూడదూ” అని కింద రాశాడు. నిండు పేజీ, పెద్ద శీర్షిక, మధ్యలో మఖమలు గుడ్డ మీద అపురూపమైన మాండొలిన్. నేను ఫోను మా ఆవిడకు ఇచ్చాను. ఆవిడ రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసి, రంధ్రం పక్కన ఎర్రగా కనబడుతున్న చోట ఆపింది.

“బొట్టు తుడవకుండానే తీశారండీ ఫొటో” అంది.