కంచం తగ్గించుకుంటే తీరే సంగతి కాదిది

"ఏమీ తినడం లేదండీ, అయినా లావైపోతున్నాను." నలభై అయిదు దాటిన ఆడవాళ్ళు నలుగురు కలిసిన చోట ఈ మాట వినిపించకుండా ఉండదు. పక్కనున్నవాళ్ళు నవ్వేస్తారు. ఇంట్లోవాళ్ళు "గిన్నెలో మిగిలిందంతా నువ్వే తింటావు, అందుకే" అంటారు. నేను ఇక్కడ అమెరికాలో ఒక ఆసుపత్రిలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. తెలుగు ఆడవాళ్ళు రోజంతా ఏం తింటారో వాళ్ళే రాసిచ్చిన కాగితాలు తరచూ నా ముందుకు వస్తుంటాయి. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే తక్కువ తింటున్నారు. నాకు బెంగ కలిగించేది కూడా అదే.

నెలసరి పూర్తిగా ఆగిపోవడానికి ముందు నాలుగేళ్ళు, కొందరికి ఎనిమిదేళ్ళు, శరీరం అటూ ఇటూ అవుతూనే ఉంటుంది. ఈ దశే పెరిమెనోపాజ్. వరసగా పన్నెండు నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు. ఈ మధ్యలో ఈస్ట్రోజెన్ అనే ఆడవాళ్ళ హార్మోన్ పెరుగుతూ తగ్గుతూ చివరికి బాగా పడిపోతుంది. అమెరికాలో 3,302 మంది ఆడవాళ్ళని 1990ల నుంచి ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చిన స్వాన్ అనే అధ్యయనం ఉంది. ఈ దశ మొదలవగానే ఒంట్లో కొవ్వు పెరిగే వేగం దాదాపు రెట్టింపవుతుందని, కండ తగ్గడం మొదలవుతుందని, చివరి నెలసరి తర్వాత రెండేళ్ళదాకా ఇది ఇలాగే సాగుతుందని అందులో తేలింది. కొవ్వు చేరే చోటు కూడా మారుతుంది. తొడల దగ్గర ఉండేది పొట్ట చుట్టూ, లోపలి అవయవాల మధ్య చేరుతుంది. బరువు చూసుకుంటే అంకె పెద్దగా మారకపోవచ్చు. పోయినేడు కుట్టించిన జాకెట్లు మాత్రం పట్టవు.

ఆ అధ్యయనంలో తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, హిస్పానిక్, చైనీస్, జపనీస్ ఆడవాళ్ళున్నారు. మనవాళ్ళు లేరు. మన గురించి తెలుసుకోవాలంటే మసాలా అనే మరో అధ్యయనం చూడాలి. 2010లో శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో, షికాగోలో ఉంటున్న దక్షిణాసియా వాళ్ళతో అది మొదలైంది. మిగతా జాతుల వాళ్ళతో పోలిస్తే మనకి కండ తక్కువ, లివర్‌లో కొవ్వు ఎక్కువ, డయాబెటిస్ ఎక్కువ. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ షుగర్ పరీక్ష గురించి ఆలోచించమని చెప్పే బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చూపే అంకె) మిగతావాళ్ళకి 25 అయితే, ఆసియా మూలాలవాళ్ళకి 23. అంటే మొదటి నుంచీ కండ తక్కువున్న ఒంట్లో, ఉన్న కండ కూడా కరిగే వయసు వచ్చి పడిందన్నమాట. సరిగ్గా అప్పుడే మనం కంచంలో సగం తీసేస్తున్నాం. అలా తగ్గిన బరువులో కొవ్వుతో పాటు కండా పోతుంది. మళ్ళీ మామూలుగా తినడం మొదలుపెట్టాక కొవ్వు తిరిగొచ్చినంత తేలిగ్గా కండ తిరిగి రాదు.

మనవాళ్ళు తగ్గించే పద్ధతి దాదాపు అందరి ఇళ్ళలోనూ ఒకటే. పొద్దున టిఫిన్ మానేసి కాఫీతో సరిపెట్టుకుంటారు, లేదంటే రెండు ఇడ్లీ. రాత్రి అన్నం మానేసి ఒక చపాతీ. సోమవారం, శనివారం ఉపవాసం. భక్తితో ఉండే ఉపవాసానికి నేను అడ్డు చెప్పను. కార్తీక సోమవారం నేనూ ఉంటాను. కానీ బరువు తగ్గడానికని వారంలో మూడు రోజులు ఉపవాసం పేరుతో సగ్గుబియ్యం ఉప్మా, బంగాళదుంప కూర, అరటిపండు తింటే, ఒంటికి అందేది దాదాపు అంతా పిండిపదార్థమే.

ఒక మామూలు రోజు లెక్క వేసి చూద్దాం. పొద్దున రెండు ఇడ్లీ, కొబ్బరి చట్నీ: 5 గ్రాముల ప్రొటీన్. మధ్యాహ్నం కప్పు అన్నం, గరిటెడు పప్పు, బెండకాయ వేపుడు, చారు, అర కప్పు పెరుగు: 15 గ్రాములు. సాయంత్రం కాఫీ, రెండు బిస్కెట్లు: 3. రాత్రి చపాతీ, కూర: 5. మొత్తం 28. బరువు 65 కిలోలున్న మనిషికి కనీసం కావాల్సింది, కిలోకి 0.8 గ్రాముల చొప్పున, 52 గ్రాములు. వయసు పెరుగుతున్నవాళ్ళు కండ నిలుపుకోవాలంటే కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలని చాలామంది నిపుణులు అంటారు. అంటే 65 నుంచి 78. శాకాహారులైన మన ఆడవాళ్ళు చాలామంది ఇందులో సగం కూడా తినడం లేదు. ఒకావిడకి ఈ లెక్క చూపిస్తే, "మరి రోజూ పప్పు తింటున్నాను కదండీ" అంది. తింటోంది, నిజమే. కానీ నలుగురికి చేసిన టమోటా పప్పులో కందిపప్పు ఒక చిన్న కప్పు, మిగతాదంతా నీళ్ళూ టమోటాలూ. పిల్లలకి, ఆయనకి వడ్డించాక అడుగున మిగిలిందే ఆవిడ వంతు.

దీనికి ఖరీదైన పౌడర్ డబ్బాలు అక్కర్లేదు. యాభై గ్రాముల పెసలతో పోసిన పెసరట్టులో 12 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. ఇడ్లీ వారానికి రెండు రోజులకి తగ్గించి పెసరట్టు మూడు రోజులకి పెంచితే చాలు, పొద్దుటి తిండి లెక్కే మారిపోతుంది. శ్రావణమాసంలో వాయనంగా వచ్చిన సెనగలు తాలింపు వేసుకుని ఇష్టంగా తింటాం కదా, ఆ అలవాటు ఏడాది పొడుగునా ఎందుకు ఉండకూడదు? కప్పు ఉడికించిన సెనగల్లో 14 గ్రాములు. పప్పు చారులాగా కాకుండా ముద్దపప్పులా, కంచంలో అన్నంతో సమానంగా పెట్టుకోండి. మామూలు పెరుగు బదులు గ్రీక్ యోగర్ట్‌లో కాస్త నీళ్ళు కలిపి చిలికితే పెరుగన్నానికి బాగానే ఉంటుంది. గుడ్డు తినేవాళ్ళు పచ్చసొన పారేయకుండా తినొచ్చు. చేప, కోడి తినేవాళ్ళ ఇళ్ళలో కూడా మంచి ముక్కలు పిల్లల కంచాల్లోకి, పులుసు అమ్మ కంచంలోకి వెళ్ళడం నాకు తెలుసు. ఆ ముక్క ఇప్పుడు అమ్మకే ఎక్కువ అవసరం. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు.

ఇంకొకటి. అన్నిటికీ మెనోపాజే కారణం అనుకోవడమూ ప్రమాదమే. నీరసం, జుట్టు రాలడం, బరువు పెరగడం థైరాయిడ్ వల్ల కావచ్చు. నెలసరి ఎక్కువై ఐరన్ పడిపోయి ఉండొచ్చు. శాకాహారుల్లో బీ12, మనలో చాలామందికి విటమిన్ డీ తక్కువ. ఇవన్నీ మామూలు రక్త పరీక్షలే, అడిగి చేయించుకోండి. థైరాయిడ్ మాత్ర వేసుకున్న మరుక్షణమే ఫిల్టర్ కాఫీ తాగితే ఆ మాత్ర సరిగ్గా పనిచేయదు. కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకీ దానికీ మధ్య నాలుగు గంటల తేడా ఉండాలి. ఈ ఒక్క మార్పుతో థైరాయిడ్ అదుపులోకి వచ్చినవాళ్ళున్నారు.

నడక గురించి మనవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడి ఏ కాలనీలో చూసినా సాయంత్రం నడిచేది మనమే. నడక గుండెకి మంచిది, మనసుకి మంచిది. కండకి మాత్రం సరిపోదు. వారానికి రెండు మూడు సార్లు బరువులెత్తాలి. చివరి నెలసరికి ఏడాది ముందు నుంచి రెండేళ్ళ తర్వాత వరకు ఎముక వేగంగా పలచబడుతుంది. ఆ ఎముకకి బలమిచ్చేది కూడా బరువులెత్తే వ్యాయామమే. ఆడవాళ్ళు బరువులెత్తితే మగవాళ్ళలా అయిపోతారన్న భయం వదిలేయండి. ఇంట్లో రెండు డంబెల్స్, ఒక కుర్చీ ఉంటే మొదలుపెట్టొచ్చు. ఇప్పుడు మన గ్రూపుల్లో ఓజెంపిక్, జెప్‌బౌండ్ లాంటి బరువు తగ్గించే మందుల గురించి గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. అవసరమున్నవాళ్ళు డాక్టర్ సలహాతో వాడుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ వాటితో తగ్గే బరువులోనూ కొంత కండే. ఆకలి చచ్చిపోయి రోజుకి ఒక చపాతీతో గడిపేస్తే కండ ఇంకా ఎక్కువ పోతుంది.

ఇక నిద్ర. అర్ధరాత్రి ఒళ్ళంతా వేడి ఆవిర్లు కమ్మి, చెమటతో దిండు తడిసి లేచి కూర్చోవడం, మళ్ళీ ఆరింటికి పిల్లల లంచ్ బాక్సు. దానికి తోడు రాత్రి పదింటికి హైదరాబాద్ టీమ్‌తో కాల్. నిద్ర చాలకపోతే మర్నాడు ఆకలి పెరుగుతుంది, తీపి మీదకి మనసు పోతుంది. దాన్ని నోటి చాపల్యం అనేస్తాం. స్వాన్‌లో ఈ ఆవిర్లు తరచుగా వచ్చినవాళ్ళకి సగటున 7 ఏళ్ళ పైన సాగాయి. ఏడేళ్ళు ఎవరికీ చెప్పకుండా ఓర్చుకుంటున్నాం మనం.

ఈ ఆవిర్లకి హార్మోన్ మందులున్నాయి. 2002లో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరిశోధనలో ఒక భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం కొంత పెరిగాయన్నారు. దాంతో హార్మోన్ మందులంటేనే అందరూ హడలిపోయారు. అందులో చేరినవాళ్ళ సగటు వయసు 63 అన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అరవై లోపు, లేదా మెనోపాజ్ వచ్చిన పదేళ్ళ లోపు మొదలుపెట్టిన ఆరోగ్యవంతులకి చాలావరకు నష్టం కంటే లాభమే ఎక్కువని తర్వాతి విశ్లేషణల్లో తేలింది. 2025 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఈ మందుల మీది కఠినమైన హెచ్చరికల్లో చాలావాటిని తీసేయిస్తున్నట్టు ప్రకటించింది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్ళు సాధారణంగా వీటికి దూరంగా ఉండాలి. వాళ్ళ కోసం హార్మోన్ లేని మందులు కూడా వచ్చాయి, ఒకదానికి 2023లో అనుమతి దొరికింది. ఇవేవీ బరువు తగ్గించే మందులు కావు. కానీ రాత్రి నిద్రపట్టిన మనిషి పొద్దున లేచి వ్యాయామం చేయగలదు, వంట గురించి ఆలోచించగలదు.

"మీ అమ్మగారికి ఏ వయసులో ఆగిపోయింది?" అని ఇక్కడి డాక్టర్ అడుగుతుంది. మనలో చాలామందికి జవాబు ఉండదు, ఎందుకంటే అమ్మకి ముప్పై అయిదేళ్ళకో నలభైకో గర్భసంచి తీసేశారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 8 శాతం పైనే. దేశంలో అందరికంటే ముందున్నది మనమే. "పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకది" అన్న మాట ఎన్ని ఊళ్ళలో ఎంతమంది చెవిన పడిందో. అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్ ఒక్క రోజులో వచ్చిపడుతుంది. ఆ తర్వాత అమ్మకి వచ్చిన చిరాకు, కీళ్ళ నొప్పులు, పట్టని నిద్ర ఇంట్లో అందరికీ ఆమె స్వభావంలా కనిపించాయి. ఆ వయసులో ఒంట్లో ఏం జరుగుతుందో కూతుళ్ళకి చెప్పడానికి ఆమె దగ్గరా ఏమీ లేకపోయింది.

ఇండియా నుంచి తెచ్చుకునే, పీరియడ్స్ వాయిదా వేసే మాత్రల గురించి కూడా చెప్పాలి. తిరుపతి ప్రయాణానికో, వరలక్ష్మీవ్రతానికో ముందు అవి వేసుకోవడం మనకి మామూలు. నలభై అయిదులో నెలసరి ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు ఎవరినీ అడగకుండా వాటిని మింగుతూ పోతే, అసలు రక్తస్రావం ఎందుకు అటూ ఇటూ అవుతోందో కనిపించకుండా పోతుంది.

ఇంట్లోవాళ్ళకి ఒక మాట. ఆయనకి షుగర్ వచ్చినప్పుడు ఇల్లంతా జొన్నరొట్టెకి మారింది. అదే ఆవిడకి ఇలాంటి మార్పు వచ్చినప్పుడు ఆవిడే అందరికీ ఒక వంట, తనకి ఒక వంట చేసుకుంటోంది, లేదా చేసుకోలేక ఊరుకుంటోంది. వారానికి మూడు సాయంత్రాలు ఆవిడ జిమ్‌కి వెళ్ళాలంటే ఆ మూడు రాత్రుల వంట ఇంకొకరు చేయాలి. ఇందులో పెద్ద త్యాగమేమీ లేదు. ఇంకొకటి, పెళ్ళిలోనో పార్టీలోనో కనబడగానే "ఏంటి, లావయ్యావే" అని పలకరించడం దయచేసి మానేద్దాం. పీసీఓఎస్ అనే హార్మోన్ సమస్యతో సతమతమవుతున్న పదహారేళ్ళ కూతురు కూడా పక్కనే నిలబడి వింటుంటుంది.

మన తెలుగు సంఘం హెల్త్ క్యాంపుల్లో బీపీ, షుగర్ చూస్తాం, గుండెపోటు మీద ఉపన్యాసాలు పెడతాం. అవి ఉండాల్సిందే. వచ్చే మహాసభల్లో మెనోపాజ్ మీద ఒక గంట కేటాయించమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. పక్క గదిలో "లేడీస్ ప్రోగ్రామ్"లా కాకుండా పెద్ద హాల్లో, మగవాళ్ళు కూడా కూర్చుని వినే సమయంలో పెట్టాలి. తెలుగులో మాట్లాడగల గైనకాలజిస్టు, ఫిజికల్ థెరపిస్టు ఉండాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మల్నీ అత్తగార్లనీ ముందు వరసల్లో కూర్చోబెట్టాలి. మెనోపాజ్ అయిపోయాక ఒక్క చుక్క రక్తం కనిపించినా డాక్టర్‌కి చూపించాల్సిందే, అది గర్భసంచి క్యాన్సర్‌కి మొదటి గుర్తు కావచ్చు. విజిటర్ ఇన్సూరెన్స్ అంతంతమాత్రం, పిల్లలకి ఖర్చెందుకని ఆరు నెలలూ దాచిపెట్టి, తిరిగి వెళ్ళాక చూపించుకునే అమ్మలు మన మధ్య ఉన్నారు. ఆదాయాన్నిబట్టి ఫీజు తీసుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు దాదాపు ప్రతి నగరంలోనూ ఉన్నాయి. వాటి చిరునామాలు, ఫోన్ నంబర్లు తెలుగులో అచ్చువేసి ఆ రోజే వాళ్ళ చేతికివ్వాలి. ఆ పని నేను చేసిపెడతాను, నాతో చేరేవాళ్ళు ఇద్దరుంటే చాలు.